డ్యూక్‌గారికి పది నిమిషాలు

మా పసుపు మూత బిన్నులో ఎవరో తమ చెత్త వేస్తున్నారు. కాగితాలకీ సీసాలకీ కౌన్సిల్ వాళ్ళిచ్చిన ఆ బిన్ను రెండు వారాలకొకసారి ఎత్తుతారు. ఇంట్లో ఉండేది మేమిద్దరం. అయినా రెండో వారం వచ్చేసరికి అది మూత పడక నోరు తెరుచుకుని నిలబడుతుంది. చాలాకాలం పక్కింటి గ్రీకు పెద్దాయన మీద అనుమానపడ్డాను. ఆయన ఏటా ఫిబ్రవరిలో మాకు అంజీరపళ్ళు తెచ్చిస్తాడు. ఊరికే ఎవరిస్తారు?

నా బుద్ధి ఇలా తయారవడానికి కొంత కారణం ఒక డ్యూక్.

ఆస్ట్రేలియా రాకముందు తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు చరిత్ర చెప్పాను. ఇక్కడికొచ్చాక రైళ్ళ టైంటేబుల్ ఆఫీసులో చేరాను. నేను చదివిన చరిత్రకి సిడ్నీలో మిగిలిన చోటు ఒక్కటే: మా తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకి ముందు, పది నిమిషాలు. ‘చరిత్రలో చమత్కారం’ అని నేనే పేరు పెట్టాను. పద్నాలుగేళ్ళుగా ఆ పది నిమిషాలు నావి. దానికోసమే మిగతా ఏడాదంతా రైళ్ళ వేళలు సర్దుతున్నానంటే అతిశయోక్తి అవుతుంది. పెద్ద అతిశయోక్తి ఏమీ కాదు.

స్టేజి మీద లైట్లు కళ్ళల్లో పడి ముందు వరస తప్ప నాకేమీ కనిపించదు. ముందు వరసలో నవ్వు మొదలవుతుంది. అక్కణ్ణించి హాలంతా పాకుతుందని నా అంచనా.

మన రాజుల మీద జోకులు నిండుకోవడంతో ఈ ఏడాది ఇటలీ వెళ్ళాను, పుస్తకంలోనే. లైబ్రరీ వాళ్ళు తీసిపారేస్తున్న పుస్తకాల బల్ల మీద ఫ్లారెన్స్ డ్యూక్ ఒకాయన జీవితచరిత్ర దొరికింది. దాదాపు ఐదువందల ఏళ్ళ కిందటి మనిషి. పేరు పొడుగు కాబట్టి మా ఇంట్లో ఆయన ‘డ్యూక్‌గారు’ అయిపోయాడు. పదిహేడేళ్ళ వయసులో గద్దె ఎక్కాడు. అంతకుముందున్న డ్యూకుని సొంత చుట్టమే పొడిచి చంపితే, ఊరి పెద్దలంతా కూర్చుని, వేట తప్ప మరో ధ్యాస లేని ఈ కుర్రాణ్ణి ఏరి తెచ్చారు. పేరు వాడిది, పెత్తనం మనది అనుకున్నారు. కొన్ని నెలలకే ఆ పెద్దలు దర్శనం కోసం వసారాలో నిలబడుతున్నారు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. ఎందుకంటే సరిగ్గా ఆ పనే మేమూ చేశాం.

మా సంఘం పాత అధ్యక్షుణ్ణి ఎవరూ పొడవలేదు. మెల్‌బోర్న్‌లో వెర్రిబీకి ఇల్లు మారాడు. ఫలితం ఒకటే. అప్పుడు మేం పెద్దలం ముగ్గురం నలుగురం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి, దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో పులిహోర ముందేసుకుని, కొత్త అధ్యక్షురాలిని ఎంచాం. కరీంనగర్ అమ్మాయి, ముప్ఫై దాటి ఉండదు. ఫిజియోథెరపిస్టు. ఏం అడిగినా, “మీరెట్ల చెప్తే అట్ల అంకుల్” అనేది. మాలో అందరికంటే పెద్దాయన కర్నూలు డాక్టర్‌గారు. నాకంటే ముందొచ్చినవాడు. ఆయన వడ తుంచుతూ నా చెవిలో అన్నాడు.

“ఏమప్పా, ఈ పిల్ల మనం చెప్పినట్టు వింటాది. మెత్తని మనిషి.”

నేను తల ఊపాను. చరిత్ర చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలిసుండాల్సింది.

రెండు నెలలు తిరగకుండానే ఆ మెత్తని మనిషి ఒక షీట్ తయారుచేసింది. ఎవరి ఐటమ్ ఎన్ని నిమిషాలో అందులో గళ్ళు. పాటకి నాలుగు, డాన్సుకి నాలుగు. నా గడిలో ఏమీ లేదు. ఫోన్ చేశాను.

“ఇంక ఫైనల్ కాలే అంకుల్. అప్‌డేట్ చేస్త.”

“మరి నా పది నిమిషాలు?”

“చూస్త అంకుల్. క్లయింట్ వచ్చిండు, మల్ల మాట్లాడ్త.”

మీరెట్ల చెప్తే అట్ల అనలేదు. అది గమనించాను.

డ్యూక్‌గారి చరిత్ర అక్కణ్ణించి ఇంకా శ్రద్ధగా చదివాను. ఆయన ఊళ్ళో ఉత్తరాలు విప్పించి చదివించేవాడు. ఎవరు ఎవరింటికి వెళ్ళారో ఆయనకి తెలిసేది. నది ఇవతల ఆఫీసు నుంచి అవతల ఇంటికి, జనం తలల మీదుగా ఒక నడవా కట్టించుకున్నాడు. ఇళ్ళ పైనుంచీ వంతెన మీది కొట్ల పైనుంచీ పోతుంది, కింద ఉన్నవాడికి పైన ఎవరు నడుస్తున్నారో తెలియదు. ఐదు నెలల్లో కట్టేశారట. మా వీధి చివర కూడలిలో కట్టిన గుండ్రటి రౌండెబౌట్‌కి ఎంతకాలం పట్టిందో ఇక్కడ చెప్పను.

ఆ నడవా గురించి చదివిన రోజే నాకు స్పష్టమైంది. మా సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నూటపాతికమందిమి గుడ్ మార్నింగులు చెప్పుకుంటాం. నిర్ణయాలు మాత్రం అందులో జరగడం లేదు. అవి ఎక్కడో పైనుంచి, మా తలల మీదుగా నడిచి వెళుతున్నాయి. రెండో గ్రూపు ఒకటి ఉంది. అందులో నేను లేను.

ఎవరున్నారు? డాక్టర్‌గారు ఉన్నాడని నా నమ్మకం. ఆయన ఏటా ఇరవై నిమిషాలు పద్యాలు పాడతాడు, నా పది కూడా దొరికితే ముప్ఫై అవుతాయి. పైగా ఆమధ్య కనిపించి, “ఈసారి ఎవరి గురించప్పా?” అని అడిగాడు. అంతకుముందెప్పుడూ అడగలేదు.

ఈ అనుమానం ఇంట్లో మా ఆవిడతో చెప్పాను. పొద్దున్న కాఫీ దగ్గర ఫోన్ చూసి నవ్వుకుంటోంది.

“ఎవరు?”

“మా చెల్లెలండీ. ఏదో పంపింది.”

ఏడు గంటలైంది. టైంటేబుల్ మనిషిని కాబట్టి లెక్క దానంతటదే వస్తుంది. ఆ చెల్లెలుండే తెనాలిలో అప్పుడు అర్ధరాత్రి ఒకటిన్నర. మరదలికి నిద్రపట్టని జబ్బేదైనా పట్టుకుందేమోనని కాసేపు బాధపడ్డాను.

ఆ సాయంత్రం మా ఆవిడకి నా ప్రసంగం చదివి వినిపించాను. డ్యూక్‌గారి భార్య స్పెయిన్ మనిషి. ఆయన ఊళ్ళో లేనప్పుడు రాజ్యం ఆమే చూసుకునేది. “డ్యూక్‌గారు లోకంలో ఎవరినీ నమ్మలేదు, ఇంటావిణ్ణి తప్ప. అందుకే అన్నేళ్ళు ఏలాడు” అన్న వాక్యం దగ్గర ఆగి ఆమె వంక చూశాను.

“బావుంది,” అని, పప్పులో పోపు వెయ్యాలని లేచింది.

“ఇక్కడ నవ్వుతారంటావా?”

“కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో మీరు లెక్కపెట్టారా?” అంది వంటింట్లోంచి.

ప్రసంగంలో ఒక భాగం రాసి కొట్టేశాను. కొన్ని వారాల తేడాలో డ్యూక్‌గారి భార్యా, ఇద్దరు కొడుకులూ జ్వరంతో పోయారు. వాళ్ళలో ఒక కొడుకుని తండ్రే చంపాడని ఊళ్ళో పుకారు లేచింది. అన్నేళ్ళు అందర్నీ అనుమానించిన మనిషిని ఊరు ఒక్కసారి అనుమానించింది. ఆ తర్వాత ఆయన పాలన బతికున్న పెద్దకొడుక్కి అప్పజెప్పేసి పక్కకి తప్పుకున్నాడు. ఉగాది పూట భోజనాలకి ముందు చెప్పే సంగతి కాదు. అందులో చమత్కారం వెతికాను, దొరకలేదు.

ఉగాదికి ముందు గురువారం బిన్ను రోజు. మూత పడకపోతే లారీవాడు ఎత్తడని, నొక్కుదామని వెళ్ళాను. గుడ్ల అట్టపెట్టెల కింద నాలుగు ముక్కలుగా చించిన తెల్లకాగితం కనిపించింది. తెలుగు అక్షరాలు. గ్యారేజీలో బల్ల మీద పేర్చి టేపు అంటించాను. ఉగాది సభ కార్యక్రమ పత్రం. గణపతి ప్రార్థన, పంచాంగ శ్రవణం, పచ్చడి, భోజనాలు. పంచాంగానికీ పచ్చడికీ మధ్య ఈగ దూరే సందు లేదు. నేను లేను. డ్యూక్‌గారూ లేడు.

గ్రీకాయన మీద అనుమానం అక్కడితో పోయింది. తెలుగు కార్యక్రమ పత్రంతో ఆయనకి పని ఉండదు. డాక్టర్‌గారు రోజూ పొద్దున్నే కుక్కని తీసుకుని మా వీధిలోంచే నడుస్తాడు. తన చెత్త తన బిన్నులో వేసుకుంటే దొరికిపోతాననుకుని ఉంటాడు. పక్కాగా ఆలోచించాడు. డ్యూక్‌గారైతే మెచ్చుకునేవాడు. మా ఇంట్లో కూడా ప్రింటర్ ఉందన్న విషయం నాకు తట్టలేదు. తట్టిందేమో, కుక్క వెనకాల నడిచి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం స్కూలు హాల్లో రిహార్సల్. మడత కుర్చీలు వేస్తున్నారు. మా ఆవిడ పక్క బల్ల దగ్గర రేపటి పచ్చడికి మామిడికాయలు తరుగుతోంది. ఏటా పచ్చడి ఆమెదే. నేను టేపు వేసిన కాగితం జేబులోంచి తీసి అధ్యక్షురాలి ముందు పెట్టాను.

“ఏమ్మా, ఇది ఫైనలా?”

ఆమె కాగితం చూసింది. అతుకులు చూసింది. “ఇది మీకెక్కడ దొరికింది అంకుల్?”

“నా బిన్నులో. ఎవరేశారో నాకు తెలుసు.” డాక్టర్‌గారి వైపు తిరిగాను. “నా పది నిమిషాలు మీకెందుకండీ? అడిగితే నేనే ఇచ్చేవాణ్ణిగా.”

డాక్టర్‌గారు కళ్ళజోడు సర్దుకున్నాడు. “నాకా? ఓ సామీ, నా ఇరవై నిమిషాలు మొన్న నాలుగు జేసినారప్పా! నాలుగు నిమిషాల్లో పద్యం ఎత్తుకుంటానా, దగ్గుకుంటానా? నేనే నిన్ను అనుమానిస్తాంటి.”

“నన్నా?”

“నువ్వు గాక ఇంకెవరు? టైంటేబుల్ ఆఫీసోడివి.”

అధ్యక్షురాలి వైపు చూశాను.

“అయితే ఎవరు తీసెయ్యమన్నారమ్మా? చెప్పు. నేనేమీ అనుకోను.”

“అంకుల్, ప్లీజ్, నన్నడగకుండ్రి,” అంది. అని, నా భుజం మీదుగా పక్క బల్ల వైపు చూసింది.

తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుంది. నా వంకే చూస్తూ, కోపమేమీ లేకుండా, కుక్కర్ దించమన్నంత మామూలుగా అంది:

“తీసెయ్యమన్నది నేనే. పద్నాలుగేళ్ళుగా ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నది నేనొక్కదాన్నేనండీ. ఇంక నా వల్ల కాదు.”