నీలం డ్రమ్ము కవచం

మొన్న ఆదివారం పోపు వేస్తూ ఫోనులో కబుర్లలో పడ్డాను. పొయ్యి పక్కన పెట్టిన ఉప్పు డబ్బా మూత మంటకు తగిలి, అంచు కరిగి, ఇల్లంతా ఆ వాసన నిండిపోయింది. మా ఆయన పరుగున వచ్చి కిటికీలు తెరిచి, ముక్కు మూసుకుని, "ఏం కంపు ఇది!" అన్నాడు. కంపట! నేను పుట్టి పెరిగిన ఇంటి వాసన అది. మల్లెపూలు చూస్తేనో, వాన చినుకు పడితేనో చిన్నతనం గుర్తొస్తుందని మురిసిపోయే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందరికీ అంత ముద్దొచ్చే వాసనలు ఎక్కడ దొరుకుతాయి? నా చిన్నతనం కాలిన ప్లాస్టిక్ వాసన వేస్తుంది, ఏం చేయను! గరిటె పట్టుకుని అలాగే వంటింట్లో చతికిలబడ్డాను, పోపు మాడిపోయింది.

మాది ముత్తుకూరు అవతల, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న ఊరు. తాతల నాటి నుంచి మా వాళ్లది దూది ఏకే పని. ఫోము పరుపులు వచ్చి ఆ పనిని మింగేశాక, నాయన ప్లాస్టిక్ అతకడం నేర్చుకున్నాడు. ఇంటి ముందు తాటాకు పందిరి కింద కుంపటి రాజేసి, కొన చదును చేసిన ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి, పగిలిన బిందె నెర్రె వెంట మెల్లగా నడిపిస్తూ, అదే రంగు ముక్కను కరిగించి పూత పెట్టేవాడు. సముద్రం ఒడ్డు పాలెం వాళ్లు చేపల ట్రేలూ, ఐసు డబ్బాలూ, నీళ్ల డ్రమ్ములూ సైకిళ్లకు కట్టుకుని తెచ్చేవాళ్లు; వాటితో పాటు చేపల నీచు, ఉప్పు, ఇసుక మా పందిట్లోకి వచ్చి చేరేవి. మధ్యాహ్నం కుంపటి నిప్పులు ఖాళీగా ఉంటే అమ్మ వాటి మీద ఎండు రొయ్యలు వేయించేది. ఆ రొయ్యలు, మామిడికాయ ముక్క, ముద్దపప్పు కలుపుకుని తిన్న నాలుకకు ఇప్పుడు ఏ హోటలు భోజనమూ రుచించదు.

మా అన్న పేరు మస్తాను. నాకంటే అయిదేళ్లు పెద్ద. రెండు చేతుల్లో రెండు నీళ్ల బిందెలు పట్టుకుని, నన్ను వీపున ఎక్కించుకుని బోరింగు దగ్గర నుంచి ఇంటిదాకా ఆగకుండా వచ్చేంత దిట్టమైనవాడు. బడిలో వాణ్ణి అందరూ 'ప్లాస్టిక్ మస్తాను' అనేవాళ్లు. వాడు నవ్వేసేవాడు గానీ, ఇంటికొచ్చాక ఆ పూట నాయనతో మాట్లాడేవాడు కాదు. నాయన పని అంటే చిన్నచూపని కాదు. నాయనను అంటే వాడు తట్టుకోలేడు.

వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, బడి వార్షికోత్సవంలో నాటకానికి కోటను కాపాడే సేనాపతి వేషం వాడికిచ్చారు. నాటకం ఆడించే తెలుగు సారు అట్టముక్కలతో కవచం చేయిస్తానన్నాడు. అన్న లేచి నిలబడి, "మా నాయన చేస్తాడు సార్, నిజం కవచం మాదిరి" అని చెప్పి వచ్చాడట. అన్నం ముందు కూర్చుని ఆ మాట చెప్పినప్పుడు నాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుని వాడి వంక చూశాడు. ఆ ఏడు అంతా నాయన అంత సంతోషంగా కనబడింది ఆ ఒక్క పూటే.

అతకడానికి పనికిరాకుండా పగిలిన నీలం డ్రమ్ము ఒకటి పెరట్లో పడి ఉండేది. దాన్ని నిలువుగా కోశాడు. పెరట్లో తడి ఇసుక పరిచి, అన్నను చొక్కా విప్పి బోర్లా పడుకోమన్నాడు. "ఊపిరి బిగబట్టబాక, మామూలుగా పడుకో" అని వీపు మీద అరచేతులు ఆనించి మెల్లగా అదిమాడు. వాడు లేచాక ఇసుకలో వాడి రొమ్ము అచ్చు పడింది, బొడ్డుతో సహా. నేను పకపకా నవ్వితే అన్న నా నెత్తిన మొట్టాడు. కుంపటి మీద వెచ్చజేసి మెత్తబడిన డ్రమ్ము ముక్కను ఆ గుంటలో పెట్టి, తడి గోనెపట్టా కప్పి, చల్లారేదాకా నాయన దాని మీద చేతులు తీయలేదు. బకెట్టు సగానికి కోస్తే భుజాలకు రెండు చిప్పలు, పైపు చీలిస్తే చేతులకు తొడుగులు, విరిగిన మగ్గులు మోకాళ్లకు. మెడ ఒరుసుకోకుండా అంచుల వెంట సైకిలు ట్యూబు కుట్టాడు. నునుపు మీద రంగు పట్టదని గరుకు కాగితంతో రెండు రోజులు నా చేత రుద్దించి, గేట్లకు వేసే వెండి రంగు పూశాడు. పక్కలకు పాత బడిసంచీ పట్టీలు బిగించి, కాల్చిన మేకుతో వరసగా బెజ్జాలు పెట్టాడు.

నాయనకు శుక్రవారం పని లేదు. నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, ఆ కవచం తొడిగి చూడడమే పని. మొదటి శుక్రవారం అది వాడి ఒంటికి అతికించినట్టు కూర్చుంది. అమ్మ దిష్టి తీసింది. చుట్టుపక్కల పిల్లలు వేళ్లతో కొట్టి డబడబలాడించి చూశారు. నాయన దూరంగా వెళ్లి, తల వంచి, ఒక కన్ను మూసి, మళ్లీ దగ్గరికొచ్చి, వాడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

రెండో శుక్రవారం అది కాస్త వదులైంది. నాయన ముఖం చిట్లించాడు. "ఎండకు సాగినట్టుండాది. దీన్ని మిద్దె మీద ఎవురు పెట్టినారు?" అన్నాడు. పట్టీలు రెండు బెజ్జాలు లోపలికి జరిపి బిగించాడు. ప్లాస్టిక్ అంటే ఏమిటో మా ఊళ్లో నాయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, అది చెప్పకుండా పని చేసుకుంటూనే ఉంటుంది. మనిషి ఒళ్లు మాత్రం కొలిచింది కొలిచినట్టే ఉంటుందని నమ్మాడు. మూడో శుక్రవారం వేళ్లు నాలుగూ లోపలికి దూరాయి. "ఏందిరా ఇది, నా చెయ్యి చెడిపోయినాదా?" అని తనను తాను తిట్టుకుంటూ పక్కలు కోసి, దగ్గరికి లాగి, మళ్లీ అతికాడు. అప్పటి నుంచి దాన్ని తడి గోనెలో చుట్టి మంచం కింద నీడన పెట్టాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అన్న చిక్కుతున్నాడని అమ్మ గమనించకపోలేదు. "రిహార్సళ్లు, రిహార్సళ్లని బిడ్డను పిప్పి చేస్తా ఉండారు" అని సారును తిట్టేది. ఎదిగే వయసు, పొడుగు సాగుతున్నాడు అని అందరూ అన్నారు. దాహమా? ఆ ప్లాస్టిక్ చొక్కాలో చెమట కారిపోతుంటే ఎవరికి దాహం వేయదు? కుండ నీళ్లు ఒక్కడే తాగేసేవాడు. పాపం, అమ్మ వాడి కోసం ప్రత్యేకంగా పెద్ద బెల్లం ముక్క వేసి, సోంపు, నిమ్మకాయ పిండి షర్బత్తు కలిపి చెంబు నిండా ఇచ్చేది.

ఆ ఏడు పీర్ల పండగ ఆ నెలలోనే పడింది. నెల్లూరు దర్గా దగ్గర చెరువులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకోవడానికి మేమూ వెళ్లాం. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని ఎవరికి వాళ్లు అరుస్తుంటారు. పదో తరగతికి వచ్చే పిల్లవాడని అమ్మ మస్తాను కోసం చదువు రొట్టె వెతికి వెతికి పట్టుకుంది. ఆరోగ్యం రొట్టె ఇస్తామని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మా ముందుకే వచ్చారు. "మాకొద్దమ్మా, మేమంతా బాగుండాము" అని అమ్మ నవ్వుతూ పక్కకు తప్పుకుంది.

అందరికీ తెలియనిది నాకొక్కదానికే తెలుసు. అన్నా నేనూ ఒకే చాప మీద పడుకునేవాళ్లం. రెండో శుక్రవారానికి ముందు రోజే, తెల్లవారి లేచేసరికి చాప తడిసి ఉంది. పద్నాలుగేళ్ల వాడు! నేను నోరు తెరవబోతే అరచేత్తో మూసేశాడు. "చెప్పబాకమే. అమ్మకు తెలిస్తే ఆస్పత్రికి ఈడ్చుకపోద్ది. సారు నా యేషం ఇంకోడికి ఇచ్చేస్తాడు. నాయన ముందు వరసలో కూర్చోవాల. నా మీద ఒట్టు" అన్నాడు. నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఒట్టు తప్పితే అన్న చచ్చిపోతాడని నమ్మే వయసు నాది. అందుకే నోరు కుట్టేసుకున్నాను. రోజూ అమ్మ లేవకముందే ఇద్దరం చాపను పెరటి గోడ మీద వేసేవాళ్లం. అది ఆరేలోపు దాని మీద గండుచీమలు బారులు కట్టేవి. నేను చీపురుతో దులిపేదాన్ని. చీమలు ఎందుకు వస్తున్నాయని ఒక్క మాట, పెద్దవాళ్లలో ఎవరి చెవినైనా వేసి ఉంటే!

నాలుగో శుక్రవారానికి ఇక కోయడానికి వీల్లేక, నాయన అటక మీద మిగిలిన తాత నాటి దూది దించి, విడదీసి, కవచం లోపల మెత్తలు కుట్టి పెట్టాడు. చొక్కా మీద తొడగడమే తప్ప, ఆ శుక్రవారాల్లో ఒక్కసారైనా వాడి చొక్కా విప్పి చూసిన వాళ్లు లేరు.

నాటకం రోజు నాయన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అన్న వేదిక మీదికి రాగానే జనం ఒక్కసారిగా ఈలలు వేశారు. దీపాల వెలుగులో ఆ డ్రమ్ము ముక్క నిజంగానే తళతళలాడింది. వాడు ఒక్క మాట మర్చిపోలేదు, ఒక్క అడుగు తడబడలేదు. తెర పడ్డాక సారు మైకులో నాయన పేరు చెప్పి, కవచం చేసింది ఈయనే అంటే, నాయన లేచి నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నమస్కారం పెట్టాడు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అప్పుడే ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, మస్తాను లేవడం లేదని చెప్పాడు.

వేదిక వెనక వాడు గోడకు ఆనుకుని, పరుగెత్తి వచ్చినవాడిలా బుసలు కొడుతూ ఊపిరి తీస్తున్నాడు. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు. నాయన పట్టీలు విప్పబోతే చెమటకు బిగుసుకుపోయి రాలేదు; కత్తి తెమ్మని అరిచి కోసేశాడు. కవచం ఊడింది, దూది జారి పడింది, తడిసిన చొక్కా చింపాడు. అప్పుడు చూశాడు నాయన. ఇసుకలో అచ్చు పడిన ఆ రొమ్ము లేదు. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. "యా అల్లా, నా బిడ్డ యాడికి పోయినాడు?" అన్నాడు. అన్న నాయన చేతుల్లోనే ఉన్నాడు, అయినా ఆ మాటే అన్నాడు.

నెల్లూరు ఆస్పత్రిలో షుగరు అన్నారు. పిల్లలకు షుగరేమిటని అమ్మ డాక్టరుతో పోట్లాటకు దిగింది. మూడో రోజు పొద్దున అన్న పోయాడు. డాక్టరు దయగలవాడు. నాయన చెయ్యి పట్టుకుని, "కొందరు పిల్లలకు ఉన్నట్టుండి వచ్చేస్తుందయ్యా, ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడు. ఆ ఒక్క మాట నాయన ఇంటికి తెచ్చుకున్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ, ఆ తర్వాత ఇన్నేళ్లలో అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ, "ఉన్నట్టుండి వచ్చినాదంట" అని చెప్పేవాడు. ఆ మాట అనేసి గట్టిగా ఊపిరి పీల్చుకునేవాడు.

ఇప్పుడు ఆ పందిరి లేదు. పగిలిన బిందె అతికించుకునే వాళ్లే లేరు, పారేసి కొత్తది తెచ్చుకుంటారు. దూది ఏకే విల్లు ఎలా ఉంటుందో నా కూతురికి బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. అమ్మ ఆరేళ్ల కిందట పోయింది, అప్పటి నుంచి నాయన మా దగ్గరే ఉన్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం, టీ ఇచ్చి పక్కన కూర్చుని, ఇరవై ఏళ్లు దాచిన మాట నాయనకు చెప్పేశాను. చాప సంగతి, చీమల సంగతి, ఒట్టు సంగతి. ఎందుకు చెప్పానంటే, నా బరువు దించుకోవాలన్న స్వార్థం తప్ప మరేమీ కాదు. తిడతాడనుకున్నాను. కనీసం ఏడుస్తాడనుకున్నాను.

నాయన గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పటి నించి తడిపినాడమ్మా?" అన్నాడు.

"రెండో శుక్రవారానికి ముందు నించే నాయనా."

ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఆ శుక్రవారం నేను జరిపింది రెండు బెజ్జాలే కదమ్మా, ఇంకా టైముండినాది" అన్నాడు.

నాలుగు రోజులు దాటాయి. నిన్న ఎదురింటికి కొత్తగా వచ్చినాయన, పెద్దాయనా, మీకెంతమంది పిల్లలని అడిగాడు. ఇద్దరు, అబ్బాయి చిన్నప్పుడే పోయాడన్నాడు నాయన. అబ్బాయికి ఏమైందని ఆయన అడిగితే ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చేశాడు. ఉన్నట్టుండి వచ్చిందనలేదు. ఆ మాటొక్కటే మిగిలి ఉండేది మా నాయనకు, దాన్నీ నేనే లాగేసుకున్నాను.