నారుమడిలో నారాయణ పక్షి

డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది నాకు దొరికిన ఉద్యోగం కొంగల్ని తోలడం. తొంభైల చివర్లో సంగతి. ఆళ్లగడ్డ దగ్గర కాలువ కింద మాకు కాస్త మడి ఉండేది. నారుమడిలో కొంగ దిగితే నారు తొక్కేస్తుందని మా వైపు ఎవరూ ఊరుకోరు. కనబడితే రాయి విసరడమే. నేనూ అంతే, ముందూ వెనకా చూసేవాణ్ణి కాదు.

ఆ ఉదయం అమ్మ, పెద్దమ్మ మడిలో వంగి నారు పీకుతున్నారు. వాళ్లకు కాస్త దూరంలో నారాయణ పక్షి అనే బూడిద రంగు కొంగ ఒకటి, నా నడుమెత్తుది, తల వంచి ఏదో పట్టుకుంటోంది. గట్టు మీంచి రాయి విసిరాను. అది లేచి, వాళ్ల మీదుగా పోతూ ముక్కులోది జారవిడిచింది. నారులో పడినది పడగ విప్పింది. మూరెడు నాగుపాము. మరుక్షణం కనబడలేదు.

గొప్ప పని చేశాను. పక్షి తినబోతున్న పామును తెచ్చి అమ్మ కాళ్ల దగ్గర వేశాను.

"మా, పాము. కదలాకండి," అని అరిచాను.

పెద్దమ్మ వంగినది వంగినట్టే ఉండి, "నువ్వూ కదలాకు. గమ్మున కూచో. ఆ పక్షి మళ్లా వస్తాది," అంది.

గట్టు మీద కూలబడ్డాను. కాటు పడితే నంద్యాల పెద్దాసుపత్రికి పోవాలి. బస్సు వేళ గుర్తు రాలేదు. ఊళ్లో ఉన్న ఒక్క జీపూ శ్రీశైలం పోయింది. తోలేసిన పక్షినే రమ్మని మనసులో బతిమాలుకున్నాను.

చాలాసేపటికి వచ్చింది. అవతలి గట్టున దిగి, మెడ చాచి, ఒక్కో అడుగే వేస్తూ నడిచింది. అమ్మకు నాలుగు గజాల దూరంలో ఆగింది. ముక్కు నారులోకి దిగింది. సరిగ్గా తల వెనక పట్టింది, పాముకు కాటేసే సందు లేదు. అది ముక్కుకు చుట్టుకుంటే విదిలించింది, నీళ్లకేసి కొట్టింది, మళ్లీ కొట్టింది. మెత్తబడ్డాక నీళ్లలో ముంచి, తల వైపు నుంచి మింగింది. మెడలో ఉబ్బు కిందికి దిగేదాకా చూశాను.

అమ్మ నడుం పట్టుకుని లేచింది.

"అది యాడుండెనో నీకు తెలిసెనా మా?" అని అడిగాను.

"నా కాలి మీంచే పాయ," అంది, నారుకట్ట చేతిలోకి తీసుకుంటూ. "చెప్తే నువ్వు ఉరికొస్తావని చెప్పలా."