గురువారం అల్లికకు వచ్చిన ఆవిడ

నేను ఇంటర్‌తో చదువు ఆపేశాను. మా ఆయన ఉద్యోగం వల్ల జర్మనీలోని డార్మ్‌స్టాట్ వచ్చాక, పేట లైబ్రరీలో పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి జర్మన్ నేర్చుకున్నాను. నాలుగేళ్లకు లావుపాటి చరిత్ర పుస్తకాలు చదివేదాన్ని. ఎవరినీ అడక్కుండా అన్నీ చదివే తెలుసుకున్నానని గర్వం. ఆ గర్వం ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ లైబ్రరీలో గురువారం మధ్యాహ్నాలు కొందరు ఆడవాళ్లు కూర్చుని ఊలు అల్లుకునేవారు. నా పక్క కుర్చీ మా పై అంతస్తులో ఉండే చైనా ఆవిడది. డెబ్బై ఏళ్లుంటాయి. మనవరాలిని చూసుకోవడానికి కూతురి దగ్గరకు వచ్చింది. జర్మన్ రాదు, ఇంగ్లిషూ రాదు. డాక్టరుకు చూపించుకోవాలన్నా, బజారుకు వెళ్లాలన్నా కూతురు వెంట ఉండాలి. తనంతట తాను వెళ్లి రాగలిగింది ఈ అల్లికకు ఒక్కదానికే. సాక్సుకు మడమ దగ్గర మలుపు తిప్పడం నాకు నేర్పింది ఆవిడే. తప్పు అల్లితే నా వేళ్ల మీద సూదితో మెల్లగా కొట్టేది.

కొత్త సంవత్సరం పండక్కి వాళ్ల దేశం వెళ్లి, కరోనా వల్ల ఏడాదిన్నరకు పైగా అక్కడే చిక్కుకుపోయింది. తిరిగొచ్చేసరికి లైబ్రరీ మళ్లీ తెరిచారు. తలుపు దగ్గర టీకా కాగితాలు చూసే పనికి నేను పేరిచ్చాను. జీతం లేని పనే. రెండు పేజీల రూల్సు కంఠస్థం చేశాను.

మెడలో కార్డు చూసి మా ఆయన నవ్వాడు. "ఏందే, పోలీసయినవా? రేపు నన్ను గూడ ఆపుతవా ఏంది?"

"కాగితం లేకుంటే మిమ్మల్ని గూడ ఆపుత."

మొదటి గురువారమే ఆవిడ ఊలు సంచితో వచ్చింది. నన్ను చూడగానే మాస్కు పైన కళ్లు నవ్వుతో చిన్నవయ్యాయి. చైనాలో వేయించుకున్న టీకా కాగితం ఇచ్చింది. ఆ టీకా ఇక్కడ లెక్కలోకి రాదని నాకు తెలుసు. రెండు వీధుల అవతల పావుగంటలో టెస్టు చేస్తారనీ, నెగటివ్ వస్తే లోపలికి పంపవచ్చనీ కూడా తెలుసు.

కానీ నా వెనక లైబ్రేరియన్ నిలబడి ఉంది. జర్మన్ ఆవిడ. పరాయి దేశాలవాళ్లిద్దరూ ఒకటై రూల్సు దాటేస్తున్నారని అనుకుంటుందేమోనని నాకు బెదురు. అందుకే పాస్‌పోర్టు అడిగాను, రోజూ మెట్ల మీద కనబడే మనిషిని. ఆవిడ సంచంతా వెతికి తీసిచ్చింది. రెండింట్లో పేరు వేలు పెట్టి పోల్చి, "ఈ టీకా చెల్లదు" అని గట్టిగా జర్మన్‌లో చెప్పాను. ఉచ్చారణ బాగా కుదిరిందని ఆ క్షణంలో అనుకోవడం కూడా గుర్తుంది. టెస్టు మాట ఎత్తలేదు. వెనక క్యూ ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. క్యూలో ఇద్దరే ఉన్నారు.

ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

మూడు గురువారాలు కుర్చీ ఖాళీ. సంగతి చెబితే ఈసారి మా ఆయన నవ్వలేదు. "టెస్టు చేయించుకొని రమ్మని చేతులతోనన్న చెప్పకపోతివి. గంత చదివి ఏం లాభమే?"

ఆదివారం పైకి వెళ్లాను. కూతురు తలుపు తీసింది, వెనకే ఆవిడ. టెస్టు సంగతి చెప్పి, నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తానన్నాను. కూతురు తల్లికి వివరించింది. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, చాలాసేపు ఏదో చెప్పింది.

"అమ్మ ఇక రానంటోంది," అంది కూతురు ఇంగ్లిషులో. "ఆ రోజు సరైన కాగితాలు లేకుండా వచ్చి, మీ పై అధికారి ముందు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందట. మీ ఉద్యోగానికి ఏమైనా అయిందేమోనని రోజూ బాధపడుతోంది. తనను క్షమించమంటోంది."

అది ఉద్యోగం కాదని చెప్పాలి. తప్పు నాదని చెప్పాలి. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"పర్లేదని చెప్పండి," అన్నాను.

కూతురు చెప్పింది. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, హమ్మయ్య అన్నట్టు నవ్వింది.