బోరు లారీ గొంతు

శింగనమల నుంచి అనంతపురం పోయే షేర్ ఆటోకు నడిదారిలో టైరు పంక్చరైంది. అందరూ దిగారు.

"నీ గొంతుకే పేలినట్టుండాది యేసన్నా," అన్నాడు డ్రైవరు ఓబిలేష్, జాకీ తీస్తూ. ఎక్కినప్పటి నుంచి యేసన్న ముందు సీటులో కూర్చుని అతనికి నరకం గురించి చెబుతూనే వచ్చాడు మరి. "నవ్వు నవ్వు. ఆడ మంటల్లో నవ్వుదువులే," అని వెనక్కి తిరిగిన యేసన్న అలాగే నిలబడిపోయాడు.

వెనక సీటులోంచి దిగుతున్నది కూతురు జ్యోతి. చంకలో మూడు నెలల పిల్లవాడు, పక్కన అత్త సుశీలమ్మ. ఆటోలో తండ్రి గొంతు వినగానే జ్యోతి కొంగు ముఖానికి అడ్డం లాక్కుని కూర్చుంది. ఇప్పుడిక దాక్కోవడానికి చోటు లేదు. ఆ దారిన ఎండిన శెనక్కాయ చేలు తప్ప ఏమీ లేవు.

యేసన్న ఇరవై ఏళ్లు బోరు లారీ మీద పనిచేశాడు. కంప్రెసరు మోతలో అరిచి అరిచి ఆయనకు చిన్నగా మాట్లాడడం పోయింది. ఈ కరువు సీమలో నీళ్లు పడకపోతే ఆ మాట రైతుతో ఎవరో ఒకరు చెప్పాలి. భార్య తాళి కుదువపెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. మిగతా కూలీలు తల తిప్పుకునేవారు. యేసన్న మాత్రం "దుమ్మేనప్పా, పైపులెత్తుతాండాం," అనేసి సంగటి తినడానికి పోయేవాడు. నాన్చడమే పాపమని ఆయన నమ్మకం.

యేసన్న భార్య దేవుణ్ణి నమ్ముకున్న తీరు వేరు. పక్కింటి ఆడవాళ్లకు పేలు చూస్తూ, బాలింతలకు నీళ్లు పోస్తూ ఆమె యేసు మాట చెప్పేది. కొన్నిసార్లు చెప్పేది కూడా కాదు. ఆమె పోయాక యేసన్న బైబిలు అందుకున్నాడు. నీళ్లు పడలేదని చెప్పినట్టే సువార్త చెప్పాడు. ఆసుపత్రుల్లో ప్రార్థనలకు ఈయనను తీసుకుపోవడం పాస్టరు మానేశాడు.

జ్యోతి ధర్మవరంలో మగ్గం నేసే భరత్‌కుమార్‌ను చేసుకుంది. మొదటి బిడ్డ పురిటిలోనే పోయింది. యేసన్న వచ్చి, ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య నిలబడి, "బొట్టు పెట్టుకుని రాళ్లకు మొక్కినావు, దేవుడు తీసుకున్నాడు," అన్నాడు. వెనక ఉన్నవాళ్లకు వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాడు. ఆ రోజు మూసిన తలుపు మళ్లీ తెరవలేదు.

"మొగపిల్లోడా?" అన్నాడు ఇప్పుడు.

"మొగపిల్లోడే," అంది సుశీలమ్మ. "నీకు చెప్పొద్దని మేమే అనుకుంటిమి."

యేసన్న చేతులు ముందుకొచ్చి ఆగిపోయాయి. జ్యోతి ఆ చేతులను చూసి బిడ్డను ముందుకు చాపింది.

"ఎత్తుకో నాయనా. ప్రార్థన కూడా చెయ్. అమ్మ చేసినట్ల మెల్లగా చెయ్. వీన్ని రోజూ అమ్మ పాటతోనే నిద్రబుచ్చుతాండా."

"నాకూ సగం వచ్చేసిండాది అన్నా ఆ పాట," అని సుశీలమ్మ నవ్వింది. "ఒక ఆదివారం నేనూ చర్చికి వస్తానంటి, చూద్దామని."

యేసన్న పిల్లవాణ్ణి గుండెకు ఆనించుకున్నాడు. "ప్రభువా" అనే మాట గొంతులోనే, మెత్తగా వచ్చింది. జ్యోతి కళ్లు మూసుకుంది. అంతలో పిల్లవాడి నడుము కింద ఆయన వేళ్లకు నల్లదారం తగిలింది.

"ఏందిది?"

ఆ అరుపుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు.

"మొలతాడన్నా..." అంది సుశీలమ్మ.

"సైతాను తాడు!" అని ఒక్క గుంజు గుంజాడు. పసివాడి దారం, పుటుక్కున తెగింది.

మగవాడికి మొలతాడు తెంపేది ఒక్కసారే, పాడె ఎత్తేముందు. ఈ సీమలో ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లయినా ఇంతే. సుశీలమ్మ నోరు కొట్టుకుంటూ మట్టిలో కూలబడింది. జ్యోతి బిడ్డను లాక్కుంది.

"ఎవురికి తెంపుతారు నాయనా మొలతాడు? బతికినోళ్లకా?"

"నిజం చెప్పకుండా చావమంటావా నన్ను?"

"నీ మొలకు లేదా?"

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే లుంగీ మీదికి పోయింది. ఉంది. బోరు లారీ నాటి గ్రీజుతో నల్లగా, బీగం చెవి వేలాడుతూ. ఓబిలేష్ పకపకా నవ్వి, సుశీలమ్మను చూసి నోరు మూసుకున్నాడు.

"ఇంగ వీనికి ఆ పాట పాడను," అంది జ్యోతి. గొంతు పెంచలేదు. "యేసు పేరు ఎత్తినప్పుడల్లా నీ అరుపే ఇనపడతాది నాకు. మా అమ్మ పెట్టిపోయింది అదొక్కటే ఉండె. అదీ తీసుకున్నావు. పో."

సుశీలమ్మ మట్టిలో చేతులాడిస్తూ తెగిన దారం వెతుకుతోంది. అది ఇంకా యేసన్న పిడికిట్లోనే ఉంది. ఇవ్వబోయాడు. ఆమె అందుకోకుండా వెనక్కి జరిగింది.

"టైరయిపాయ, ఎక్కన్నా," అన్నాడు ఓబిలేష్.

యేసన్న సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, ఎండలో రోడ్డు పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.