పటంలో దొరికిపోయిన దారి

ఇది జరిగి ఏడాది దాటింది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడమే గానీ రాయడం రాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను కర్నూలులో పూలు అమ్ముతాను. కడపలో ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి, జనం రోజూ ఏ దారుల్లో తిరుగుతారో కంప్యూటర్ పటంలో గీసి, ఎక్కడ బస్సులు కావాలో చెప్పే ప్రాజెక్టు చేస్తోంది. నేను పోయే దారి కూడా తెలియాలని నా ఫోన్‌లో ఏదో పెట్టింది. వారం తర్వాత స్నేహితురాళ్లతో ఇంటికొచ్చి, కంప్యూటర్ తెరిచి చూపించింది. ఎర్రగీత మార్కెట్‌కు పోయి, తిరిగొస్తూ ఒక సందులోకి మళ్లింది. రోజూ అంతే!

"మార్కెట్ నుంచి నేరుగా ఇంటికే అంటివి గదమ్మా? ఈ సందులో గంటసేపు ఏం చేస్తాండావు?"

"నాకూ చెప్పలేదే!" అన్నాడు మా ఆయన.

ఈ వయసులో పలక పట్టిందని నవ్వుతారేమోనని ఇన్నాళ్లూ దాచాను. ఇక దాచలేక, గీత పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టి చదివేశాను. "మా... అమ్మ... దారి."

అమ్మాయి ఎగిరి గంతేసింది. "అది నేను పెట్టిన పేరు! నీకు చదివేది వచ్చునా?"

"ఆ సందులో మా అట్లాంటోళ్లకు బడి ఉండాది పాపా."

"శానా గట్టిదానివే!" అని మా ఆయన పగలబడి నవ్వాడు. నేను భయపడిన నవ్వు అది కాదు.

మరునాడు పొద్దున, రోజూ పూలబుట్ట అడుగున దాచే పలకను పూల మీదే పెట్టుకుని ఆటో ఎక్కాను.