ఉసిరి చెట్టు కింద గోమార్లు

మా వాకింగ్ గుంపులో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. కార్తీకంలో గుట్టకు వనభోజనానికి వెళ్లాం, అంతా చక్కగా జరిగింది, ఒక్క ఈవిడ మాత్రం ఇంటికెళ్లాక కూతురి చెవి వెనక చిన్న పురుగును చూసి ఊరంతా ఏకం చేసింది, రెండు మాత్రలతో పోయే జ్వరానికి పదిమందిని పరేషాన్ చేసింది. ఈవిడంటే నేనే. నా ముందు ఎవరూ అనరు. నేను కనబడగానే చలి ఎక్కువైందనో, టమాటా రేటు పెరిగిందనో మాట మారుస్తారు.

ఆ కథలో ఒక్క ముక్క నిజం లేదు. పురుగు ఒక్కటి కాదు. రెండు మాత్రలతో పోలేదు. అంతా చక్కగా జరగనూ లేదు. జరగకపోవడంలో నా వాటా చాలా ఉంది. అది చెప్పుకునే ధైర్యం వాళ్లకు లేకపోతే నేనే చెప్తాను.

మేం పదిమంది ఆడవాళ్లం. బన్సీలాల్‌పేట్ చుట్టుపక్కల ఇళ్లు. పొద్దున్నే కలిసి నడుస్తాం, నెలకో ఆదివారం ఊరి బయట ఏదో ఒక గుట్ట ఎక్కుతాం. మా అమ్మాయి దాన్ని హైకింగ్ అంటుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ నెల నేనూ వస్తానంది. అల్వాల్ దాటి ఇంకో గంట పోతే వచ్చే బండరాళ్ల గుట్ట అది. బయల్దేరే ముందు చూద్దును కదా, తెల్ల ప్యాంటు, ఆ ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి, పైన బూట్లు.

"ఏందే ఈ వేషం? పోలీసుల్ల చేరినవా?"

"గోమార్లుంటయి మమ్మీ గడ్డిల. తెల్ల బట్టలైతే పాకేటివి కనబడ్తయి. నువ్వు సుత సాక్సులేస్కో."

"గోమార్లు బర్రెలకుంటయి, కుక్కలకుంటయి. మనుషులకుంటయా?"

నోట్లోంచి వచ్చేసింది. వచ్చిన మాటను వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

ఎక్కడం బాగానే ఎక్కాం. పైన వెడల్పాటి బండ ఉంది, గాలి హాయిగా వస్తోంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన అక్క ఒకామె మా గుంపుకు పెద్ద. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లు. "ఈ బండ మీదే కూర్చుందామండీ, శుభ్రంగా ఉంది" అంది. నేను ఒప్పుకోలేదు. కార్తీకమాసంలో ఉసిరి నీడ లేకుండా తింటే అది వనభోజనం ఎట్లవుతుంది, ఆ మాత్రానికి ఇంటి మేడ మీద తినొచ్చు కదా అని వాదించాను. వాదించి గెలిచాను. కాస్త దిగువన ఉసిరి చెట్టుంది. దాని కింద గడ్డి అణిగిపోయి పరుపులా ఉంది. మేక పెంటికలు ఉంటే కొమ్మ విరిచి నేనే ఊడ్చాను.

మేకలు కాసే ముసలామె అటుగా వచ్చి నిలబడింది.

"ఆడ గూసోకుండ్రి బిడ్డా. మ్యాకలు పండే జాగ అది. గోమార్లుంటయి."

"దేవుడి చెట్టు కింద ఏ పురుగూ ఏం జెయ్యదు లే పెద్దమ్మా."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మేకల్ని అదిలించుకుంటూ పోయింది. అక్కడితో ఆగానా? చెట్టు మొదట్లో దీపం పెడుతుంటే మా అమ్మాయి బూట్లతో నిలబడి ఉంది. దీపం దగ్గర బూట్లేంది, విప్పమన్నాను. "మమ్మీ, ప్లీజ్" అంది. అందరూ మావైపే చూస్తున్నారు. నేను ఇంకోసారి అన్నాను, ఈసారి గొంతు పెంచి. విప్పింది. సాక్సులు కూడా విప్పి, ఒట్టి కాళ్లతో ఆ గడ్డిలో చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత రెండు గంటలు అక్కడే దుప్పటి మీద కూర్చుని పులిహోర, దద్దోజనం తిన్నాం, ఒకరిద్దరు నడుం వాల్చారు కూడా.

ఆ సాయంత్రం తలస్నానం చేసి వచ్చిన పిల్ల జుట్టు ఆరబెడుతున్నాను. ఎడమ చెవి వెనక పెసరగింజంత నల్లగా కనబడింది. పుట్టుమచ్చ అనుకున్నాను ఒక క్షణం. నేను కన్న పిల్ల, దాని ఒంటి మీద ఎక్కడ మచ్చ ఉందో నాకు తెలియదా? అక్కడ లేదు. వేలితో తాకాను. కాళ్లు కదిలించింది అది. తల మాత్రం చర్మంలోపలే ఉంది.

పాము కనబడితే అరుస్తాం, పరిగెత్తుతాం. ఇది నా బిడ్డ నెత్తురు తాగుతూ ఉంటే గుట్ట దిగాం, బస్సులో పక్కపక్కనే కూర్చుని నవ్వుకుంటూ వచ్చాం.

బ్యాంకు అక్కకు ఫోన్ చేశాను. "మా ఊళ్లో పిడుదులంటారండీ. తమలపాకుల్లో వేసుకునే సున్నం రాయండి, ఊపిరాడక దానంతటదే ఊడిపోతుంది" అంది. మా అమ్మాయి అప్పటికే అద్దం ముందు మెడ తిప్పి చూసుకుంటోంది.

"సున్నం వద్దు మమ్మీ. ప్లక్కర్ తే. చర్మానికి ఆనించి పట్కొని నిటారుగ లాగు. అంతే."

"నీకన్న పెద్దోళ్లు చెప్తున్నరు."

సున్నం రాశాను. పావుగంట చూశాం. అది ఊడలేదు సరికదా, చుట్టూ చర్మం ఎర్రబడింది. అప్పుడు తెచ్చాను కనుబొమ్మల ప్లక్కర్. తనే నా మణికట్టు పట్టుకుంది. "పిండకు, తిప్పకు, మెల్లగ లాగు" అని నాకే ధైర్యం చెప్పింది. వచ్చింది. తీసుకెళ్లి స్టవ్ మంట మీద వేస్తే టప్పున పేలింది. ఆ చప్పుడు చాలా రోజులు నా చెవిలోనే ఉంది.

మర్నాటి నుంచి నా కళ్లు నా మాట వినలేదు. దుప్పట్లు, చున్నీలు, చీరలు మరిగే నీళ్లలో వేశాను. పోపులో ఆవగింజ కదిలినా స్టవ్ ఆపి వంగి చూసేదాన్ని. దువ్వెన పట్టుకుని పొద్దునా సాయంత్రం పిల్ల తల వెతికాను. తలే వెతికాను. మిగతా ఒళ్లు చూపించమంటే "నేను చూస్కున్న మమ్మీ, ఏం లేవు" అని గదిలోకి పోయేది. ఎదిగిన పిల్ల, సిగ్గు అనుకున్నాను.

ఆరో రోజు జ్వరం వచ్చింది.

మా దగ్గర జ్వరమంటే అందరి నోటా ఒకటే మాట, డెంగ్యూ. ప్లేట్‌లెట్లు చూపించమని ఒకరు, బొప్పాయి ఆకు రసం తాగించమని ఒకరు. రసం తెచ్చి గుమ్మంలో పెట్టిపోయినామె కూడా ఉంది. పరీక్షలో డెంగ్యూ లేదని వచ్చింది, జ్వరం మాత్రం దిగలేదు. తలనొప్పితో కళ్లు తెరవలేకపోయింది. జ్వరం మొదలైన మూడో రోజు పొద్దున దాని మొహం కడుగుతూ చూశాను, మణికట్ల మీద, చీలమండల దగ్గర ఎర్రటి చుక్కలు. చెంబు కింద పెట్టి ఆటో పిలిచాను.

రెండు వీధుల అవతల చిన్న క్లినిక్. డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. ఏదడిగినా నేనే జవాబు చెప్పాను. జ్వరం ఎప్పటి నుంచి? చెప్పాను. ఎక్కడికైనా వెళ్లారా? చెప్పాను. సున్నం సంగతి చెప్తే తల పట్టుకుంది. "సున్నం, కిరోసిన్, అగర్‌బత్తి మంట, ఏవీ చెయ్యొద్దమ్మా. లోపలున్న విషమంతా మనిషిలోకి కక్కుతుంది అది" అంది. తర్వాత పిల్లవైపు తిరిగి, "ఒక్కటే కరిచిందా?" అంది.

"ఒక్కటే," అన్నాను.

"ఆమెను అడుగుతున్నానమ్మా."

"నేనే తీసిన డాక్టర్, నాకు తెల్వదా? చెవి వెనక, ఒక్కటే."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరు జెర బయట కూర్చోండి."

నన్ను బయటికి పంపిన మనిషి ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు. ఆ చుక్కలు చూసిన కళ్లతో గొడవ పెట్టుకునే శక్తి లేక లేచాను. తలుపు లేదు, ఆకుపచ్చ తెర ఒకటే. దాని పక్కనే బెంచీ.

"ఇప్పుడు చెప్పు. ఎన్ని?"

లోపల బల్ల కిర్రుమంది.

"రెండు."

"రెండోది ఎక్కడ?"

"నడుము కాడ. గుట్ట మీదనే చూసిన. గోరుతోటి గీకేసిన."

"అమ్మకు చెప్పలేదా?"

"చెప్తే ఆడనే షురూ చేస్తుండె. ఆ ఆంటీలతోటి కొట్లాట, మేకలామెతోటి కొట్లాట. తర్వాత ఇంటికొచ్చి నాతోటి. వారం రోజులు అదే నడుస్తది. ఏం చెప్పినా గంతే."

"పుండు పడ్డాక కూడా చెప్పలేదు?"

"పోతదిలే అనుకున్న."

డాక్టర్ నన్ను లోపలికి పిలిచింది. ప్యాంటు పట్టీ ఒరుసుకునే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎరుపు. గోమారి కాటు నుంచి వచ్చే జ్వరం ఇదేనని, ఈ మచ్చ కనబడకపోతే ఇంకా డెంగ్యూ అనుకుంటూ ప్లేట్‌లెట్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లమని చెప్పింది. ఆలస్యమైతే కిడ్నీల దాకా, ఊపిరితిత్తుల దాకా పోతుందట. అప్పటికే మూడు రోజులు అయింది. "మందు ఇప్పుడే మొదలుపెడదాం. రెండు రోజుల్లో జ్వరం దిగాలి. దిగకపోయినా, ఆయాసం వచ్చినా, ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి."

ఆ రెండు రోజులు నేను ఎవరి ఫోనూ ఎత్తలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని పిల్ల ఛాతీ లేచి దిగడం చూస్తూ కూర్చున్నాను. కొంచెం వేగంగా లేచినట్టనిపిస్తే గడియారం చూసి లెక్కపెట్టేదాన్ని. థర్మామీటర్ నాకంటే ముందు తనే చదివేది, నా మొహం చూసి "తగ్గింది మమ్మీ" అనేది, తగ్గకపోయినా. రెండో రోజు మధ్యాహ్నం మెడ కింద చెమట పట్టింది. దిండు తడిసింది. నుదుటి మీద చేయి పెట్టి చూస్తే చల్లగా ఉంది. మా గుంపువాళ్లు ఊరంతా ఏకం చేసింది అంటున్నది ఈ రెండు రోజుల సంగతే. ఆ రెండు రోజులూ నేను గట్టిగా దగ్గను కూడా లేదు.

మందు కోర్సు మొత్తం వాడాం. పక్కు ఊడింది, మచ్చ మిగిలింది. ఇప్పుడు కాలేజీ స్నేహితులతో మళ్లీ గుట్టలకు పోతోంది. సాక్సుల్లోకి ప్యాంటు దోపుకుంటుంది, వచ్చాక ఒళ్లంతా అద్దంలో చూసుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడి "చూస్కున్నవా?" అంటాను. "ఏం లేవు మమ్మీ" అంటుంది. నేను తెర వెనక నుంచి విన్నానని దానికి తెలియదు. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి అడిగేసే నేను, ఇది మాత్రం అడగలేక తిరుగుతున్నాను: నడుం మీద అంత పుండు పెట్టుకుని అన్ని రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న పిల్ల, నా నోటికి భయపడి ఇంకా ఏమేం దాచుకుంది?