తడి మీద పొడి, పొడి మీద మన్ను

కోల్‌కతాలో చదువుకున్న రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ముందు కోపమే వస్తుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా, బడిని శుభ్రంగా, పచ్చగా మార్చే ఉపాయాలు పిల్లలే వెతకాలన్నారు. ఒకరు మొక్కలు నాటుదామన్నారు, ఒకరు కరెంటు ఆదా అన్నారు. నేను పెరట్లో గుంత తీసి, మధ్యాహ్నం మిగిలిన తిండి అంతా ఎరువు చేద్దామన్నాను.

ఆ తెలివి నాది కాదు, నాన్నది. మన తెలుగు పల్లె నుంచి వలసొచ్చిన నాన్న మునిసిపాలిటీ చెత్త లారీ మీద రోజూ ధాపా వెళ్లేవాడు. ఊరి చెత్తంతా పోసే ఆ చోట రైతులు ఆ కుళ్లు మీదే కాలీఫ్లవర్ పండించేవారు. వాళ్లని చూసి నేర్చుకున్నది నాకు చెప్పాడు. "తడి మీద ఎండాకులు, ఆకుల మీద మన్ను. పాలిథిన్ ముక్క పడ్డాదంటే అంతా పోనాదే." క్లాసులో మాత్రం నాన్నకి 'మునిసిపాలిటీలో పని' అని ఊరుకునేదాన్ని. లారీ సంగతి పిల్లల దగ్గర దాచాను, బడి రిజిస్టరులో మాత్రం రాసుంది.

మా దిదిమణికి, అంటే టీచరమ్మకి, ఉపాయం నచ్చింది. బొమ్మలు గీయడం, ఉపన్యాసం చెప్పడం మిగతా పిల్లలకిచ్చింది. నన్ను పక్కకి పిలిచి, "గుంత నువ్వు చూసుకో, మీ ఇంట్లో అలవాటే కదా," అంది. మే డే ఊరేగింపులో శ్రామికుల కోసం గొంతు చించుకునే మనిషే ఆవిడ.

నేను ఎంత మొత్తుకున్నా పిల్లలు లూచీలు, అంటే మైదా పూరీలు, తెచ్చుకున్న కవర్లతో సహా గుంతలో పడేశారు. విద్యాశాఖ అధికారులు బడి చూడవచ్చే రోజుకి కంపు వరండా దాకా కొట్టింది. శుభ్రం చెయ్యడానికి మా నాన్నని తీసుకురమ్మంది దిదిమణి. నేను నోరు మూసుకుని నాన్నని పిలవడానికి వెళ్లాను. సిగ్గులేకుండా వెళ్లాను.

నాన్న డ్యూటీ బట్టలతోనే వచ్చి, గుంతలోకి దిగి, ఉత్త చేతులతో కవర్లు ఏరుతున్నాడు. అంతలోనే అధికారులు వచ్చేశారు. "ఇతను మా స్వీపర్," అంది దిదిమణి నవ్వుతూ.

"ఈయన మా నాన్న. ఈ ఉపాయం ఈయనదే," అన్నాను బెంగాలీలో, అందరికీ వినబడేలా. దిదిమణి అధికారులని బొమ్మల వైపు తీసుకుపోయింది. నాన్న తలెత్తలేదు.

ఇంటికి వెళ్తూ దారిలో అన్నాడు. "ఎందుకు సెప్పినావే? నన్ను స్వీపరనుకుంటే నాకేటి పోతాది? ఇప్పుడు నిన్ను కూడా ఆళ్ల పిల్లలతో కూకోనివ్వరు."

దిదిమణి మీద కన్నా ఆ మాట మీదే ఎక్కువ మండిపోయాను. ఇల్లు చేరేదాకా నాన్నకి పది అడుగులు ముందే నడిచాను. మర్నాడు ముగ్గురు కూర్చునే నా బల్ల మీద నేనొక్కదాన్నే ఉన్నాను.